అవ్వ కోసం కొన్న టేపు రికార్డరు

నా చిన్నప్పుడు నన్ను నోరు మూసుకోమన్నవాళ్లు చాలామందే ఉన్నారు. ఒక్కరినీ మరిచిపోలేదు. వాళ్లలో మొదటివాడు మా చిన్నాయన. ఆయన పోయి చాలా ఏళ్లయింది. పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు. చెప్పడానికి మంచి కూడా ఉంది, అదీ చెబుతాను. కానీ తిరువళ్లూరు అంగట్లో, నలుగురి ముందు, ఆయన నన్ను అన్న మాటను మాత్రం దాటవేయను.

మాది తిరుత్తణి దగ్గర నేతగాళ్ల వీధి. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. బడిలో చెప్పింది కూడా తమిళమే. తెలుగు అక్షరాలు నేను పెళ్లయిన తరువాత పట్టుబట్టి నేర్చుకున్నాను. మా నాయన మగ్గం నేసేవాడు. ఆయన తల్లి, మా అవ్వ, మగ్గం పక్కనే రాట్నం పెట్టుకుని కండెలకు నూలు చుట్టేది. ఆమె కళ్లలో పువ్వు వేసి చూపు పూర్తిగా పోయింది. అయినా చేతుల పని ఆగలేదు. పైగా మగ్గానికి ఆమె చెవి కాపలా ఉండేది. పడుగులో ఒక దారం తెగి పక్క దారాలకు చిక్కుకుంటే మగ్గం చప్పుడు కాస్త మారుతుంది. ఆ మార్పు నాయన కంటే ముందు అవ్వకే తెలిసేది. "ఒరే, తెగినట్టుండాది, చూడు" అనేది. నాయన మగ్గం ఆపి చూసేవాడు. నిజంగానే తెగి ఉండేది.

వీధి చివర ఒక పెద్దాయన సాయంత్రాలు తెలుగులో హరికథలు చెప్పేవాడు. అవ్వకు ఆ గంట కోసమే తెల్లవారేది. ఆయన పోయాక ఆ కథలు చెప్పగలిగినవాళ్లు వీధిలో మిగల్లేదు. పుస్తకం ఉన్నా చదివి వినిపించేవాళ్లు లేరు. అవ్వ మాటలు తగ్గిపోయాయి. రాట్నం తిప్పుతూ తిప్పుతూ ఆగిపోయి, ఎవరో పిలిచినట్టు తల ఎత్తి, మళ్లీ తిప్పుకునేది.

అలాంటప్పుడు చిన్నాయన తిరువళ్లూరు నుంచి వచ్చాడు. అక్కడ ఆయనకు ఆఫీసు ఉద్యోగం. దీపావళి బోనసు వచ్చిందనీ, అమ్మకు టేపు రికార్డరు కొంటాననీ, హరికథల క్యాసెట్లు మద్రాసు నుంచి తెప్పిస్తాననీ చెప్పాడు. ఇది ఆయన మంచి. తన కోసం కొనుక్కోలేదు, తల్లి కోసమే కొన్నాడు.

అవ్వ ఆ రాత్రి నా పక్కన పడుకుని నా చెయ్యి పట్టుకుంది. "నీళ్లు కావాలన్నా మిమ్మల్నే అడగాల, దొడ్డికి పోవాలన్నా మిమ్మల్నే అడగాల. ఈ ఒక్క పనన్నా ఎవురినీ అడక్కుండా నేనే చేసుకుంటా పాపా" అంది. ఆమెకు కావలసింది కథ ఒక్కటే కాదని ఆ మాటతో నాకు అర్థమైంది. పెద్దవాళ్లు ఆ మాట వినలేదు. నేను విన్నాను. అందుకే అంగట్లో నోరు విప్పాను.

ఆదివారం నాయన, అవ్వ, నేను రైల్లో తిరువళ్లూరు వెళ్లాం. చిన్నాయన స్టేషనుకు వచ్చి అంగడికి తీసుకుపోయాడు. అంగడివాడు బల్ల మీద రెండు టేపు రికార్డర్లు పెట్టాడు. ఒకటి పెద్దది, రెండు స్పీకర్లది. పాట మోగితే ఎర్ర దీపాలు ఎగిరెగిరి పడేవి. దాని మీద రేడియోకు ఒక మీట, టేపుకు ఒక మీట, తిప్పే బిళ్లలు, నున్నటి బొత్తాలు ఎన్నో ఉన్నాయి. రెండోది పలకంత నల్ల డబ్బా. ముందువైపు వరసగా ఐదారు మీటలు, మోసుకుపోవడానికి ఒక పిడి. చెవిలో పెట్టుకుని వినడానికి ఒక తీగ కూడా దానితో ఇచ్చేవారు.

పెద్దది మోగుతుంటే నాయన, చిన్నాయన దాని ముందు నుంచి కదల్లేదు. నేను అవ్వ చేతిని నల్ల డబ్బా మీద పెట్టాను. ఆమె వేళ్లు మీటల మీద ఒకసారి అటు, ఒకసారి ఇటు నడిచాయి. ఒకటి నొక్కింది. మూత తెరుచుకుంది. ఆమె ముఖంలో అలాంటి వెలుగు నేను ఆ తరువాత చూడలేదు. మళ్లీ మూసి, మళ్లీ తెరిచింది. కండె మార్చినంత సులువుగా క్యాసెట్టు పెట్టింది, తీసింది. తీగను నేను చెవిలో పెడితే మెడ వంచి విని, చిన్నపిల్లలా నవ్వింది.

"చిన్నాయనా, అవ్వకు ఇదే బాగుండాది. ఇదే కొందాం" అన్నాను.

అంగడివాడు నవ్వి, అవ్వను చూపిస్తూ తమిళంలో, "పాట్టికి ఇయర్‌ఫోనా!" అన్నాడు. అంగట్లో ఉన్నవాళ్లూ నవ్వారు. చిన్నాయనకు తల తీసేసినట్టయింది. "సుమ్మా ఊరికే ఉండు పాపా. మూరెడు లేవు, నువ్వు చెప్తే నేను కొనాల్నా? మగ్గం మోతలో ఈ అగ్గిపెట్టె యాడ వినబడతాది? నోరు మూసుకోని నిలబడు" అన్నాడు. నాయన నా తరఫున ఒక్క మాట మాట్లాడలేదు. అది కూడా గుర్తుంది.

తరువాత చిన్నాయన అవ్వ వైపు తిరిగి, "అమ్మా, పెద్దదే తీసుకుందాం. వీధంతా వినబడతాది. ఏమంటావు?" అన్నాడు. అవ్వ చెయ్యి ఇంకా నల్ల డబ్బా మీదే ఉంది. మెల్లగా తీసేసింది. "నీకు తెలీనిదా నాయనా" అంది. అంతే. అంగడివాడు పెద్దదాన్ని అట్టపెట్టెలో సర్దాడు.

తిరుగు రైల్లో ఆ పెట్టె కుదుపులకు పాడవుతుందని దానికి సీటు ఇచ్చారు. నాకు ఇవ్వలేదు. కడంబత్తూరు స్టేషను దాటినా నిలబడే ఉన్నాను. ఎక్కినవాళ్లందరూ పెట్టె మీది బొమ్మ చూసి ధర అడిగారు, నాయన గొప్పగా జవాబు చెప్పాడు. అవ్వ కిటికీ వైపు ముఖం పెట్టుకుని కూర్చుంది. ఆమెకు కిటికీ దేనికి?

టేపు రికార్డరు మగ్గం ఎదుటి గూట్లోకి చేరింది. అవ్వకు అందని ఎత్తు. అందినా లాభం లేదు, ఏ మీట రేడియోదో ఏది టేపుదో చూపున్నవాళ్లకే తికమక. పొద్దున్నుంచి సినిమా పాటలు. వీధి కుర్రాళ్లు తమ క్యాసెట్లు తెచ్చి గుమ్మంలో కూర్చునేవాళ్లు. అవ్వ రాట్నం దగ్గర నుంచి, "ఒరే, కథ పెట్టండ్రా" అంటే, "ఈ పాట అయిపోనీ అవ్వా" అనేవాళ్లు. ఆ పాట అయిపోయేది, ఇంకొకటి మొదలయ్యేది. నేను పైకెక్కి కథ పెడితే నాయనే నన్ను దించి మళ్లీ పాట పెట్టేవాడు. మగ్గం మోతను మించి వినబడాలని కొన్నారు కదా, నిజంగానే మించింది. మగ్గం మోత మాత్రమే వినబడకుండా పోయింది.

ఒకరోజు ఖరీదైన చీర ఒకటి మగ్గం మీద ఉంది. పడుగులో దారం తెగింది. చప్పుడు మారే ఉంటుంది. పాట హోరులో నాయన వినలేదు, అవ్వ వినలేదు. తెగిన దారం పక్క దారాలకు చిక్కుకుని, జానెడు పొడవున నేత వదులై, చీర మధ్యలో ఎలుక కొరికినట్టు తయారైంది. నూలిచ్చి చీరలు నేయించుకునే సావుకారు ఆ చీరను వెలుగుకు పట్టి చూసి, మా అరుగు మీదికి విసిరేశాడు. నాయన లోపలికి వచ్చి టేపు రికార్డరును అదే అట్టపెట్టెలో పెట్టి అటక మీదికి ఎక్కించాడు. "ఇంక ఈ ఇంట్లో అది మోగిందంటే చూడండి" అన్నాడు. పాటలు విన్నది ఆయన. పోయింది మాత్రం అవ్వ కథ.

ఆ సాయంత్రం నేను ఏడుస్తుంటే అవ్వ నన్ను రాట్నం పక్కన కూర్చోబెట్టుకుంది. చేతిలో నూలు ఆపలేదు. అంగట్లో చెప్పకుండా ఎందుకు ఊరుకున్నావని కోపంగా అడిగాను. ఆమె రాట్నం తిప్పుతూనే చెప్పింది.

"కొనిచ్చేవాని ముందర వంక పెట్టగూడదని ఊరుకున్నా పాపా. వాడు ఆశగా తెచ్చినాడు, వాని మనసు నొచ్చుకుంటాదని. ఒక్కసారి అడగాల్సిన తావున నోరు మూసుకుంటి. ఇప్పుడు దినామూ అడుక్కోవాల్సొచ్చె."

తరువాత నా గడ్డం పట్టుకుని ముఖం తన వైపు తిప్పుకుంది. "నువ్వు అడిగినావు చూడు, అదే సరి. తిట్టినారని నిలపొద్దు. అడిగితే తిడతారు. అడక్కపోతే మరిచేపోతారు."

అంతవరకు పెద్దవాళ్లు నాకు నేర్పిందంతా వినయమే. వినయం వల్ల ఏం పోతుందో చెప్పింది అవ్వ ఒక్కతే.

నేను అడగడం నిలపలేదు. చిన్నాయన వచ్చినప్పుడల్లా అది మార్చి నల్లది తెమ్మన్నాను. చుట్టాల ముందు అడిగాను, భోజనం మధ్యలో అడిగాను. "ఈ పిల్లది జిగటరా సామీ" అనేవాడు. పొంగలికి చూద్దాం, వచ్చే జీతానికి చూద్దాం అనేవాడు. చెడ్డవాడు కాదు. తాను కొన్నది తప్పని ఒప్పుకోవడం ఆయనకు చేతకాలేదు, అంతే. వానలు పడే కాలంలో అవ్వ జ్వరంతో మంచం పట్టింది. మంచంలో కూడా వేళ్లు దుప్పటి అంచు మీద ఏదో వెతికేవి. నూలు అనుకున్నారు అందరూ. నాకు మాత్రం ఆ నల్ల డబ్బా మీటల కోసమని తోచేది, అది నా అనుమానమే కావచ్చు. జ్వరం తగ్గలేదు. అవ్వ పోయింది.

అప్పుడు అటక మీది నుంచి టేపు రికార్డరు దిగింది. దుమ్ము తుడిచి అవ్వ తల దగ్గర పీట మీద పెట్టారు. చిన్నాయన వెక్కివెక్కి ఏడుస్తూ హరికథ క్యాసెట్టు పెట్టాడు. నిజంగా వీధంతా వినబడింది. "వినమ్మా, నీ కథ, చెవులారా విను" అంటూ ఆమె పాదాల మీద పడ్డాడు. చుట్టూ ఉన్న ఆడవాళ్లు, కొడుకంటే వీడు అన్నారు.

నేను గుంపులోంచి ముందుకొచ్చి, "ఇప్పుడు పెడితే ఎవురు వినేది చిన్నాయనా?" అన్నాను. చాలా గట్టిగా అన్నానట. ఎవరూ నన్ను నోరు మూసుకోమనలేదు. చిన్నాయన తల ఎత్తి నన్ను చూశాడు. టేపు తనంతట తాను తిరుగుతూనే ఉంది. కథ చెప్పేవాడు ఎక్కడో ఒక చమత్కారం విసిరాడు, క్యాసెట్టులోని జనం గొల్లుమని నవ్వారు. ఆ నవ్వు నడుమనే అవ్వను పాడె మీదికి ఎత్తారు.

ఆ తరువాత మా ఇళ్లలో ముసలివాళ్లకు ఏది కొన్నా, మంచమైనా, కళ్లద్దాలైనా, చేతికర్రైనా, నేను వాళ్లను వెంటబెట్టుకునే పోతున్నాను. ఆ వస్తువును వాళ్ల చేతికిచ్చి, కావాలో వద్దో చెప్పమంటాను. చాలామంది చెప్పరు. కొడుకు ముఖం చూస్తారు, కోడలు ముఖం చూస్తారు, మీరు ఏదంటే అదే అంటారు. ఆ మాట నేను లెక్కలోకి తీసుకోను. అంగడివాడు విసుక్కుంటాడు, మా వాళ్లు సిగ్గుపడి బయటికి వెళ్లి నిలబడతారు, గొడవ మనిషి అని వెనక అనుకుంటారు. అనుకోనీ. ఆ ముసలి నోరు తెరుచుకునేదాకా నేను ఆ అంగట్లోంచి కదలను.