సేవకుల కుర్చీ

పగ పట్టడంలో నన్ను మించినవాళ్లు మా సంఘంలో లేరు. బాన్సువాడలో మా రేకుల చర్చికి వచ్చే వాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. ప్రేమ గురించి ప్రసంగం వచ్చినప్పుడల్లా పాస్టరమ్మ ఓరగా నా వైపే చూస్తుంది. చూడనీ. నా పగకు కారణం ఉంది. ఆ కారణం మా అమ్మ.

అమ్మ బీడీలు చుట్టి నన్ను పెంచింది. శనివారం మధ్యాహ్నం కాగానే బీడీల చాట పక్కన పెట్టి చర్చికి పోయేది. ఊడ్చేది, చాపలు దులిపి పరిచేది, కడవల్లో నీళ్లు నింపేది. చేయమని ఎవరూ చెప్పలేదు. ఆమెకు బాప్తిస్మం ఇచ్చిన అప్పటి పాస్టరు, మంజీర నీళ్లలోంచి పైకి లేపి, "ఇయ్యాల్టి సంది నువ్వు దేవుని సేవకురాలివి" అన్నాడట. అమ్మ ఆ మాటను ఉన్నదున్నట్టు నమ్మింది.

చిక్కంతా అక్కడే వచ్చింది. మా సంఘాల్లో సేవకులు అంటే పాస్టర్లు. చీపురు పట్టినవాళ్లను ఎవరూ సేవకులు అనరు. సేవకులకు తెల్ల బట్టలు, శాలువాలు, తువ్వాలు పరిచిన కుర్చీలు ఉంటాయి. ఈ తేడా అందరికీ తెలుసు, మా అమ్మకు తప్ప.

ఒక వేసవిలో చర్చి ముందు షామియానా వేసి ఉజ్జీవ కూటాలు పెట్టారు. జుక్కల్ నుంచి, పెద్ద కొడప్‌గల్ నుంచి పాస్టర్లు వచ్చారు. మధ్యాహ్నం బగార అన్నం, కోడికూర. అందరూ తిన్నాక అమ్మ వెనకాల బోరింగు దగ్గర వంట చేసిన పెద్ద పెద్ద గంజులు ముందేసుకుని తోముతోంది. అప్పుడు మా సంఘపెద్ద, రిటైరైన టీచరు, మైకులో "సేవకులందరూ ముందుకు వచ్చి ఆసీనులు కావాలి" అన్నాడు. అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుని వచ్చి పాస్టర్ల వరుసలో చివరి కుర్చీలో కూర్చుంది. మోచేతుల దాకా బూడిద. ముఖం మాత్రం వెలిగిపోతోంది. ఇన్నేళ్లకు తనకు పిలుపు వచ్చిందనుకుంది పాపం.

సంఘపెద్ద మైకు పక్కకు కూడా పెట్టకుండా నవ్వాడు. "ఏందవ్వా, గాడ గూసున్నవ్? గవి సేవకుల కుర్చీలు. నీ పని ఎన్క ఉన్నది, పో."

షామియానా అంతా నవ్వింది. అమ్మ లేచింది. కుర్చీకి బూడిద అంటిందేమోనని కొంగుతో తుడిచి మరీ వెనక్కి పోయింది. ఆ తుడవడం నేను కళ్లారా చూశాను. ఈ జన్మలో మరిచిపోను.

ఆ రోజు నుంచి అమ్మ చర్చి లోపల కూర్చోవడం మానేసింది. ఊడ్చి, చాపలు పరిచి, జనం వచ్చే వేళకు గడప అవతల చెప్పుల పక్కన కూర్చునేది. వానొచ్చినా అక్కడే. చేయి పట్టి గుంజితే, "నాకు ఈడనే మంచిగున్నది బిడ్డా" అనేది. అమ్మను ఆ గడప దాటించాలి, ఆ సంఘపెద్ద తల దించాలి. నాకు రెండూ కావాలి. నిజం చెప్పాలంటే రెండోదే ఎక్కువ కావాలి.

నేనూ అమ్మతో పాటు బీడీలు చుట్టేదాన్ని; బీడీ మూతి మడిచి నొక్కేటప్పుడల్లా ఆయన మెడ గుర్తొచ్చేది. సంఘంలో విందు జరిగితే వడ్డించేది నేనే గనుక, ఆయన ప్లేటులో ఏరి ఏరి మెడ ముక్కలే వేశాను. ప్రభువు నేర్పిన ప్రార్థన అందరం కలిసి చెప్పేటప్పుడు, క్షమించే మాట దగ్గర నోరు మూసుకునేదాన్ని. సరిగ్గా అక్కడే బయటి నుంచి అమ్మ గొంతు ఇంకాస్త గట్టిగా వినబడేది, నా వంతు కూడా తానే చెబుతున్నట్టు.

"నీకెందుకు బిడ్డా గింత పగ? అవమానమైంది నాకు గదా," అంది ఒకసారి తునికాకు కత్తిరిస్తూ.

"నీకు చాతనైతలేదు గాబట్టే నేను పట్టిన," అన్నాను.

మళ్లీ వేసవి వచ్చింది, మళ్లీ కూటాలు వచ్చాయి. మైకులో అరిచి అరిచి సంఘపెద్ద గొంతు పూర్తిగా పోయింది. ఆదివారం వాక్యం చదివేది నేనే కాబట్టి, భోజనాలయ్యాక నన్ను పిలిచి, "సేవకులను ముంగటికి పిలువు బిడ్డా, శాలువాలు కప్పాలె" అని గుసగుసలాడి మైకు నా చేతిలో పెట్టాడు. దేవుడే ఆయన గొంతు పట్టుకున్నాడని అనిపించింది. ఇప్పటికీ అలాగే అనుకుంటాను.

"సేవకులందరూ," అన్నాను. పాస్టర్లు చొక్కాలు సర్దుకున్నారు. "సేవకులందరూ వెనక్కి, బోరింగు దగ్గరికి రావాలి. బగార గంజులు తోమాలి. నిరుడు ఇదే పిలుపు విని మా అమ్మ ముందుకు వచ్చింది. నీ పని వెనక ఉంది పొమ్మని పెద్దలు చెప్పారు. సేవకుల పని ఎక్కడుంటుందో మాకు అప్పుడే తెలిసింది."

సంఘపెద్ద నోరు తెరిచాడు, గాలి తప్ప ఏమీ రాలేదు. అప్పుడు జుక్కల్ నుంచి వచ్చిన ముసలి పాస్టరు నవ్వుతూ లేచి, చొక్కా చేతులు పైకి మడిచాడు. "పిలుపొచ్చింది, పోదాం పదుండ్రి," అన్నాడు. ఆయన లేచాక మిగతావాళ్లకు కూర్చునే వీల్లేకపోయింది. అందరికంటే చివర మా సంఘపెద్ద కదిలాడు.

నేను మైకు పట్టుకునే షామియానా బట్ట పక్కకు జరిపి చూశాను. ఆయన అన్నిటికంటే పెద్ద గంజు ముందు గొంతుక్కూర్చున్నాడు. నా కడుపు చల్లబడింది. అంత హాయి నాకు ఏ ఆరాధనలోనూ కలగలేదు.

అమ్మ నా సంబరాన్ని నిలవనివ్వలేదు. తన నడుముకు కట్టుకున్న తువ్వాల విప్పి, తెల్ల బట్టలకు మసి కాకుండా నడుముకు చుట్టుకోమని ఆయనకు ఇచ్చింది. "అడుగున గట్టిగ రుద్దు సారూ, అన్నం మాడింది," అంది. ఆ గొంతులో ఎగతాళి లేదు. ఉంటే ఎంత బాగుండేదో. ఆయన తల ఎత్తకుండా రుద్దాడు. లేచేటప్పుడు, వచ్చీ రాని గొంతుతో, "అవ్వా, లోపటికి రా. కుర్చీల గూసో," అన్నాడు.

"కుర్చీ నాకెందుకు సారూ, చాప సాలు. బోళ్లు అయినంక వస్త."

వాళ్లు చేతులు కడుక్కుని వెళ్లాక, గెలిచినదానిలా అమ్మ దగ్గరికి పోయాను. ఆయన తోమిన గంజును అమ్మ మళ్లీ తోముతోంది. సగం మసి అలాగే ఉంది.

"చూసినవా అమ్మా, ఎట్ల తల దించిండో!"

అమ్మ పీచు ఆపి నా చేతిలోని మైకును చూసింది. "సేవకులందర్ని రమ్మన్నవ్ గద బిడ్డా. మరి నువ్వు రాలేదేంది?"

మైకు పక్కన పెట్టి, చీర ఎగ్గట్టి, ఆయన గంజు ముందే కూర్చున్నాను. తిట్టుకుంటూ తోమాను. అది తళతళలాడేదాకా అమ్మ నన్ను లేవనివ్వలేదు.

సాయంత్రం ప్రార్థన చర్చిలో. అమ్మ గడప దాటి వచ్చి చాప మీద నా పక్కన కూర్చుంది. క్షమించే మాట దగ్గరికి వచ్చేసరికి మోచేత్తో నన్ను పొడిచింది. పళ్ల మధ్య నుంచి ఆ మాట అన్నాను. క్షమించానని కాదు. ఆమె మోచేతికి ఇంకా బూడిద ఉంది, మళ్లీ పొడిస్తే చీర పాడవుతుందని.