ఎనిమిదో గోరీ

తిరుపతి బజారులో సీతాఫలాల గంపలు దిగే రోజుల్లో మగ్గిన పండు వాసన తగిలితే చాలు, నాకు మునిరత్నం గారు గుర్తుకొస్తారు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో నేను చిత్తూరు సర్వే ఆఫీసులో పటాలు గీసే కొత్త ఉద్యోగిని. ఆయన నా పై అధికారి. పొట్టి మనిషి, ఎప్పుడూ నలిగిన ఖాకీ కోటులోనే ఉండేవారు. ఆయన గొంతు పెంచి మాట్లాడడం నేనెన్నడూ వినలేదు.

ఆ ఏడు, జిల్లాలోని పాత శ్మశానాలు, గోరీల దిబ్బలు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతికి పటాల్లో చేర్చే పని మాకు అప్పగించారు. పటంలోకి ఎక్కని చోటు బంజరు కిందే జమ. అడిగిన రైతుకు పట్టా అయిపోతుంది. పూతలపట్టు దగ్గర ఒక గుట్ట వాలు నా వంతుకు వచ్చింది. ఎండకు ఓర్వలేక బాట మీది నుంచే చూసి, పొదలు తప్ప మరేమీ కనబడకపోయేసరికి, గోరీలు లేవని రాసి వచ్చేశాను. మునిరత్నం గారు నా కాగితం పక్కన పాత పటమొకటి పరిచారు. అందులో అదే వాలు మీద సన్నని చుక్కలు ఏడు ఉన్నాయి. పొదల్లోకి పోయి చూశావా అని అడిగారు. లేదన్నాను. ఆయన మర్నాడు పొద్దున్నే నన్ను, కొలత గొలుసు పట్టే మనిషిని వెంటబెట్టుకొని పెట్రోలు కరువుతో బొగ్గు మీద నడిచే బస్సెక్కారు. తిట్టి ఉంటే నేనంత సిగ్గుపడేవాణ్ణి కాదు.

గుట్ట కింద మహబూబ్బీ అనే ముసలామె సీతాఫలాలు కోస్తోంది. గోరీల మాట ఎత్తగానే అట్లాంటివేమీ లేవని మొహం తిప్పుకుంది. ఊళ్లో ఒక మోతుబరి ఆ వాలును దున్ని వేరుశనగ వేయాలని చూస్తున్నాడట. మేము అతని తరఫున వచ్చామనుకుందని తరవాత తెలిసింది. ఇక పోదామన్నట్టు నేను చూశాను. మునిరత్నం గారు మాత్రం ఆమెకు ఎదురుగా రాయి మీద చతికిలబడ్డారు. ఆమె ఇచ్చిన పండు తింటూ, గింజలు అరచేతిలోకి ఊసుకుంటూ, కాపు ఎట్లా ఉందని, పిల్లలు ఎక్కడున్నారని అడుగుతూ గంటసేపు కూర్చున్నారు. చివరికి ఆమే లేచి, కొంగు దులుపుకొని, రమ్మని ముందు నడిచింది.

కంప కొట్టించగా ఏడు గోరీలు బయటపడ్డాయి. తలవైపు దీపం పెట్టే గూళ్లు, రాతి మీద చెక్కిన తీగలు. నవాబుల కాలంలో గుర్రాల మీద వచ్చిన తమ పెద్దలవని ఆమె చెప్పింది. ఒక్కొక్కటే కొలిచి రాసుకున్నాను. గొలుసు చుట్టేస్తుంటే, చివరి గోరీకి అవతల ఖాళీ నేలను చూపించింది.

"ఆడ నా పెద్దబిడ్డ ఉండాది సామీ. రాయి పెట్టేదానికి మాకు యాడ కుదిరింది?"

రాయే లేని చోటును పటంలో ఎట్లా చూపిస్తామని ఆయన చెవిలో అన్నాను.

"కన్నతల్లి వేలు పెట్టి చూపిచ్చినాది కదప్పా. అంతకన్నా గుర్తు ఏం కావాల?" అన్నారాయన.

గొలుసు మళ్లీ విప్పాం. ఆ పటంలో ఎనిమిది చుక్కలు పెట్టి సంతకం చేశాను. మోతుబరి అర్జీ పెట్టుకున్నాడు కానీ, పటం చూశాక పైవాళ్లు దాన్ని కొట్టేశారు. హద్దురాళ్లు నాటిన రోజున మహబూబ్బీ వచ్చి, ప్రతి రాయినీ తడిమి చూసుకొని, మాకు మజ్జిగ పోసింది. నా ఉద్యోగంలో నేను మొదటిసారి తృప్తిగా ఇంటికి పోయింది ఆ సాయంత్రమే.

మరుసటేడు మునిరత్నం గారికి బదిలీ అయింది. మళ్లీ కలవలేదు. ఆ తరవాత ఎన్నో ఊళ్లు కొలిచాను. ఎక్కడైనా సరే, ఇక్కడేమీ లేదని రాయాల్సి వచ్చినప్పుడు నా కలం ఆగిపోయేది. ఆ ఊళ్లో అందరికన్నా పెద్దామె ఎవరో కనుక్కొని, ఆమె దగ్గర కాసేపు కూర్చున్నాకే ఆ మాట రాసేవాణ్ణి. నా కింద పనిచేసిన కుర్రవాళ్లు బస్సు తప్పిపోతుందని గొణిగేవారు. గొణుగుతూనే వాళ్లూ వచ్చి నా పక్కన కూర్చునేవారు.