లిఫ్టు ముట్టుకోవద్దన్నారు

కేసు వేసిన రోజు మా అపార్ట్‌మెంట్ సంఘం అధ్యక్షుడు ఇంటింటికీ మైసూర్‌పాక్ పంచాడు. మా ఇంటికొచ్చిన పొట్లాన్ని నేను మర్నాడు పొద్దున చెత్త ఆటోలో వేశాను. బాగుందా అని అమ్మ అడిగితే బాగుందన్నాను. ఈ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. నలుగురి ముందు నోరు పెగలని దాన్ని. నా కోపం ఇలాంటి చోట్లకే పోతుంది.

మాది కిష్టారెడ్డిపేటలో నాలుగో అంతస్తు. నాన్న పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీలో రేకులు వంచే ప్రెస్సు మీద పనిచేసేవాడు. ఇనుప రేకుల కట్ట జారి కాలి మీద పడ్డాక ఆ మోకాలు వంగడం మానేసింది. లిఫ్టు ఉందన్న ధైర్యంతోనే ఆ ఫ్లాటు కొన్నాం. సాయంత్రం కాగానే లిఫ్టులో దిగి, మెయిన్ రోడ్డు మీది చాయ్ హోటల్లో పాత షిఫ్టు వాళ్లతో కూర్చుని వచ్చేవాడు. ఆయనకున్న షోకు అదొక్కటే. మేం వచ్చిన ఏడాదిలోపే లిఫ్టు ఆగిపోయింది. ఇక మంచం, బాల్కనీ, మళ్లీ మంచం.

బిల్డర్ మంచివాడని నేననను. చవక మోటారు పెట్టించాడు, ఫోన్ చేస్తే ఎత్తలేదు, సంపు పగిలినా తొంగి చూడలేదు. అతనితో ఎలా తేల్చుకోవాలో నిర్ణయించడానికి సంఘం వాళ్లు సమావేశం పెట్టారు. ఎక్కడ? సెల్లారులో. లిఫ్టు లేక కిందికి దిగలేని మనిషి ఉన్న అపార్ట్‌మెంటులో, లిఫ్టు గురించిన సమావేశం సెల్లారులో. చేతిరాత బాగుంటుందని నన్ను మినిట్స్ రాయమన్నారు. నాన్న నాతో ఒక మాట చెప్పి పంపాడు.

అధ్యక్షుడు సర్కారు ఆఫీసులో చేసి రిటైరైన మనిషి. ఉండేది మొదటి అంతస్తులో. ఒకాయన లోకల్ లీడరు దగ్గరికి పోదామన్నాడు. రెండో అంతస్తు సాఫ్ట్‌వేర్ ఆయన ఆర్బిట్రేషన్‌కు పోదామన్నాడు. అదేమిటని ఎవరో అడిగితే ఫోన్ తీసి వెతుక్కున్నాడు. మాకూ తనకూ నచ్చిన ఇంజనీరును మధ్యలో కూర్చోబెడదాం, ఆయన చెప్పింది చేస్తానని బిల్డరే కబురు పెట్టాడు. అమ్మకం ఒప్పందంలో ఉన్నదీ అదే. ముందు మాటలు, తర్వాత ఇంజనీరు, అదీ కుదరకపోతేనే కోర్టు. ఆ ఒప్పందాన్ని నవలలా చివరిదాకా చదివింది ఆ సెల్లారులో నేనొక్కదాన్నే అనుకుంటాను.

"ఇంజనీరా? ఆనికి బిల్డర్ రెండు బిర్యానీలు తినిపిస్తే అయిపాయె," అన్నాడు అధ్యక్షుడు. "కోర్టే కరెక్టు. ఆడు మన సుట్టు తిరగాలె."

నేను రెండుసార్లు గొంతు సవరించుకున్నాను. "మా నాయిన ముందుగాల లిఫ్టు నడిపిస్తే సాలంటుండు అంకుల్. తక్కినయి తర్వాత మాట్లాడుకోవచ్చట."

"లిఫ్టు ఒక్కటేనా బిడ్డా? ఇది మనందరి ఇజ్జత్ సవాల్. ఏకగ్రీవంగా అని రాయి."

"కానీ మా నాయిన..."

"ఆయన మీటింగుకు రాలే గదమ్మా. రానోళ్లది లెక్కల రాదు."

కొందరు నవ్వారు. నవ్విన వాళ్లలో ఎక్కువమంది కింది అంతస్తుల వాళ్లు. ఏళ్లు పట్టే దారిని ఎంచుకోవడానికి ఎంత తొందరో. ఆలస్యం ఎవరి ఒంటికి తగలదో వాళ్లకే పౌరుషం పొంగుతుంది. తగాదా తీరడం వాళ్లకు అక్కర్లేదు, తగాదా ఉండటమే కావాలి. చంకలో ఫైలు, సంగారెడ్డిలో వకీలు, వాయిదా రోజున ఇస్త్రీ చొక్కా. రిటైరైన మనిషికి మళ్లీ ఒక ఆఫీసు దొరికింది.

కేసు పడ్డాక బిల్డర్‌కు భయం పుట్టినట్టుంది, మెకానిక్‌ను పంపాడు. కింద మాటలు వినబడి నాన్న తలుపు దగ్గరికి కుర్చీ లాక్కున్నాడు. నేను రెయిలింగ్ మీంచి వంగి చూశాను.

"సామాను తెచ్చిన సార్. పొద్దుగూకే వరకు చాలూ చేసి పోత," అంటున్నాడు మెకానిక్.

"చెయ్యి పెట్టకు," అన్నాడు అధ్యక్షుడు. "అది కేసుల ఉన్న వస్తువు. నువ్వు బాగు చేస్తే రేపు జడ్జి ముందర మేమేం చూపెట్టాలె? వకీల్ సాబ్ ముట్టనియ్యొద్దన్నడు."

"లిఫ్టు వద్దా సార్ మీకు?"

"కావాలె. కోర్టు ఇప్పిస్తె తీసుకుంటం."

నాన్న కూర్చున్న చోటి నుంచే కేకేశాడు. "సార్, చేయనియ్యరాదుండ్రి. పుణ్యముంటది."

"మీ కోసమే కొట్లాడుతున్నమన్నా," కింది నుంచి జవాబు. "పిటిషన్ల మీ పేరే ముందుగాల పెట్టిన. జెర ఓపిక పట్టుండ్రి."

"ఓపిక మస్తున్నది. కాలే లేదు."

మెకానిక్ సంచి సర్దుకుని బండి స్టార్ట్ చేసుకుని పోయాడు.

ఆ తర్వాత వాయిదాల మీద వాయిదాలు. హోటల్ నుంచి నాన్న పాత జోడీదారు ఒకాయన కొన్నాళ్లు ప్లాస్టిక్ కవర్లో చాయ్ కట్టించుకుని పైకి వచ్చేవాడు. మెట్లెక్కి వచ్చి గోడకు ఆనుకుని ఆయాసపడేవాడు. "నీ ఇంటికొచ్చుడంటే చార్మినార్ ఎక్కుడే అయితున్నది కదర భాయ్. చాయ్ నువ్వు తాగు, నాకు గాలి కొట్టు," అనేవాడు. ఆయనకూ మోకాళ్లున్నాయి. రావడం తగ్గింది, ఆగింది. నాన్న బాల్కనీలో కూర్చోవడం కూడా మానేశాడు. అప్పుడే అమ్మ పోతిరెడ్డిపల్లిలో కింది పోర్షన్ ఒకటి కిరాయికి చూసింది. చాయ్ హోటల్ అక్కడికి దూరం. అయినా గుమ్మం దాటితే నేల ఉంటుంది.

సామాను దింపడానికి వచ్చిన ఇద్దరు మనుషులే నాన్నను ప్లాస్టిక్ కుర్చీలో మోసి దింపారు. "నన్ను పీర్ల పండుగల పీరు లెక్క ఎత్తుకపోతున్నరు. ఎవలన్న దట్టీ కట్టుండ్రి," అని నాన్న దారి పొడవునా నవ్వించాడు. మొదటి అంతస్తు దగ్గర ఒక తలుపు సగం తెరుచుకుని మళ్లీ మూసుకుంది.

నాన్నను ఆటోలో కూర్చోబెట్టాక అధ్యక్షుడు గబగబా దిగివచ్చాడు. ఇల్లు ఎందుకు ఖాళీ చేస్తున్నామని అడగలేదు. నన్ను గేటు పక్కకు పిలిచి, నాన్నకు వినబడకుండా గొంతు తగ్గించాడు. ఆయన నాతో మాట్లాడటం అదే చివరిసారి.

"వచ్చే తారీఖుకు నాయినను తప్పకుండ తీస్కరా బిడ్డా. లోపలికొచ్చేటప్పుడు జెర ఎక్కువ కుంటుమను. జడ్జి సాబ్ కంట్ల పడాలె."