నది దాటే రూలు

ఆ రోజు ఆటలో గెలవాలని నేను అబద్ధం చెప్పాను.

కిష్టారం నుంచి కోంటాలోని మా దుకాణానికి ఇప్పపువ్వు తెచ్చే పెద్దాయనతో ఫోన్లో యుద్ధపటం ఆట ఆడేవాణ్ణి. వాళ్ల ఊళ్లో సిగ్నల్ అందక, ఆయన సంతరోజునే ఒక ఎత్తు వేసేవాడు. ఆయనకు హిందీ తప్ప చదవడం రాదు; రూల్సు ఇంగ్లీషులో ఉండటంతో ప్రతిదీ నన్నే అడిగేవాడు.

“ఏంది సావుకారి, నది దాటి కొట్టొచ్చునా?”

“వంతెన లేదు కదా పెద్దాయనా, కుదరదు.”

“సదివినోడివి, నువ్వు చెప్పినంక సరే.” ఎప్పటిలాగే ఫోన్ను చొక్కాకు తుడుచుకుని, ఒడ్డున ఒక్క దళాన్నే ఉంచాడు. మర్నాడే నేను నది దాటి ఆయన భూమిలో సగం పట్టుకున్నాను.

తర్వాతి సంతకు తెర చూసి, “వంతెన ఎప్పుడు కట్టిన్రు?” అని మాత్రం అడిగాడు.

దుకాణంలో అందరి ముందూ తప్పు ఒప్పుకుని, ఆట ఆయనకే వదిలేశాను. రూల్సన్నీ ఆయన చదివే హిందీలో రాశాను. నా మాట నమ్మాల్సిన పని లేకుండా, బడి మాస్టారితో సరిచూయించి ఇచ్చాను.