ఇంజన్ నీళ్ళు

మా ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్ల వెనక పెట్టెలు అటూ ఇటూ మార్చే షంటింగ్ బొగ్గు ఇంజన్ ఆగితే చాలు, బట్టలు నానబెట్టడానికి ఆడవాళ్ళమంతా బకెట్లతో వెళ్ళి వేడినీళ్ళు తెచ్చుకుంటాం. పక్క లైను ఇళ్ళల్లో కలరా వచ్చిందని, నీళ్ళు మరగబెట్టి తాగమని పొద్దున్న రైల్వే డాక్టరు చెప్పినారు. ఇంజన్ కన్నా బాగా మరిగించేదేటుంది అనుకొని, ఆ నీళ్ళే చల్లార్చి పాపకి గ్లాసుడు తాగించినాను. సాయంత్రం మళ్ళీ బిందె పట్టుకెళ్తే డ్రైవరన్నయ్య ఆశ్చర్యపోయినాడు.

"బిందేటమ్మా? బట్టలకి కాదా?"

"తాగడానికన్నయ్యా."

"ఓరి బాబో! బాయిలర్ తుప్పట్టకుండా అందులో మందు కలుపుతారమ్మా. తాగీసినారేటి?"

బిందె అక్కడే పడీసి ఇంటికి పరిగెత్తినాను.

ఇప్పుడు పొయ్యి మీద కుళాయి నీళ్ళు మరుగుతున్నాయి. పాప పొట్ట పట్టుకుని "అమ్మా, దాహం" అంటోంది. కలరాకి భయపడాలో, నా తెలివికి భయపడాలో మీరే చెప్పండి.