అక్క ఉంగరానికి పదకొండేళ్ల మెరుగు

మా పక్క గదిలో గిల్టు పూత వేసే ఆవిడను అందరూ మెరుగమ్మ అంటారు. అసలు పేరు కరెంటు బిల్లు మీద ఉంటుంది, దాన్ని చదివేది బిల్లు ఇచ్చేవాడు ఒక్కడే. నేను సంచులు, సూట్‌కేసులు బాగుచేస్తాను. మా రెండు గదుల మధ్య ఉన్నది పల్చటి చెక్క గోడ. ఆవిడ అటు తుమ్మితే నేను ఇటు ఉలిక్కిపడతాను. అందుకని ఆవిడ సంగతి నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదని గొప్పలు పోతూ ఉండేదాన్ని. ఆ గొప్ప కాస్తా నెల కిందట ఒక మంగళవారం గంగలో కలిసింది.

ఆవిడ పని చూడముచ్చటగా ఉంటుంది. బల్ల మీద మూడు గాజు తొట్లు, వాటి వెనక కరెంటు పెట్టె, అందులోంచి వచ్చే ఎర్ర తీగ ఒకటి, నల్ల తీగ ఒకటి. ఇత్తడి గాజును సబ్బునీళ్లలో తోమి, రాగి తీగకు వేలాడదీసి, పూత నీళ్లలో ముంచి నలభై లెక్కపెడుతుంది. పైకి తీస్తే అదే గాజును కన్నతల్లి కూడా గుర్తుపట్టదు. ఆ తర్వాత తడి ఆరడానికి రంపపు పొట్టున్న డబ్బాలో దొర్లిస్తుంది. ఆ పొట్టు నా గదిలోకి కూడా ఎగిరొస్తుంది, దాని మీద మేమిద్దరం వారానికోసారి పోట్లాడుకుంటాం.

బేరం దగ్గర మాత్రం ఆవిడది ముక్కుసూటి వ్యవహారం. గిల్టుదా, అసలుదా, ఏది తీసుకోవాలో తేల్చుకోలేని వాళ్లు సగం మంది ముందు ఆవిడ దగ్గరికే వస్తారు. "రోజూ ఒంటి మీద ఉండేదైతే ఇంకో ఏడాది ఆగైనా అసలుదే కొనుక్కోమ్మా. చెమటకీ సబ్బుకీ పూత నిలవదు. ఒక్క సాయంత్రం ఫోటోలో మెరవాలంటే నా దగ్గరికి రా" అంటుంది. అలా చెప్పి ఎన్ని బేరాలు పోగొట్టుకుందో నేను చెక్కగోడ ఇవతల నుంచి విన్నాను. విని, ఈ మనిషికి వ్యాపారం చేతకాదని నవ్వుకున్నాను కూడా.

అంత నిక్కచ్చి మనిషి తన సొంత అక్క వేలికి పదకొండేళ్లుగా స్టీలు ఉంగరం పెట్టి, బంగారమని నమ్మించింది.

కావాలని చేసింది కాదు. ఆ అక్క ఆవిడ కన్నా ఎనిమిదేళ్లు పెద్ద. పెద్ద లాండ్రీలో దుప్పట్లూ తెల్లకోట్లూ ఇస్త్రీ చేస్తుంది. ఆ ఉంగరం ఎవరో పెట్టింది కాదు. లాండ్రీలో చేరిన మొదటి ఏడాదంతా నోరు కట్టుకుని, తెగిన చెప్పుల పట్టీలకు పిన్నీసులు పెట్టుకుని కొనుక్కున్నది. పదకొండేళ్ల కిందట అది వదులైంది. "కాస్త బిగించి తీసుకురావే" అని చెల్లెలి చేతికిచ్చింది. చెల్లెలు అప్పుడు ఒక మేస్త్రీ దగ్గర పని నేర్చుకుంటోంది. ఉంగరాన్ని బిగించడానికి కోసి, పక్కనున్న ఖాళీ పింగాణీ కప్పులో వేసి, గిరాకీకి గాజులు చూపించడానికి ముందుగదిలోకి వెళ్లింది. ఆ దుకాణంలో విరిగిన బంగారు ముక్కల్ని ఏరి దాచేది కూడా అలాంటి పింగాణీ కప్పులోనే. శనివారం మేస్త్రీ వాటి మీద ఆసిడ్ పోసి కరిగించి పూత నీళ్లలో కలుపుతాడు. ఆ రోజు శనివారం. గిరాకీ తెమిలి ఈవిడ మధ్యాహ్నానికి తిరిగొచ్చేసరికి కప్పులో పచ్చటి నీళ్లు తప్ప ఏమీ లేవు.

మేస్త్రీకి చెబితే ఇంటి సరుకు దుకాణానికి ఎందుకు తెచ్చావని పనిలోంచి పీకేస్తాడు. అక్కకు చెబితే ఏమవుతుందో ఊహించుకునే ధైర్యం లేదు. కరిగిన ఆ బంగారం ఎవరెవరి గాజుల మీదకో పొరలుగా వెళ్లిపోయింది. సాయంత్రానికల్లా ఈవిడ అదే సైజు స్టీలు ఉంగరం ఒకటి వెతికి పట్టుకుని పూత వేసింది. ఇత్తడిదైతే ఇస్త్రీ పనికి వంగుతుందని స్టీలుదే ఎంచుకుంది. రెండు నెలల్లో అసలుది కొని చడీచప్పుడు లేకుండా మార్చేద్దామనుకుంది.

"తేలికైనట్టుందేంటే?" అని అక్క అడిగిందట.

"మురికంతా పోయిందిగా" అందట ఈవిడ.

రెండు నెలలు రెండేళ్లయ్యాయి. ఒకసారి సొంత కరెంటు పెట్టె కొనాల్సి వచ్చింది, ఒకసారి గది అడ్వాన్సు. ఆ లోగా బంగారం ధర అందనంత ఎత్తుకు ఎక్కి కూర్చుంది. లాండ్రీ సోడానీళ్లకు నాలుగు నెలలకోసారి పూత పల్చబడేది. అది కనబడక ముందే ఈవిడ ఆదివారం పూట అక్క ఇంటికి వెళ్లి, "ఇలా ఇవ్వు, మెరుగు పెట్టి తెస్తాను" అని ఉంగరం తెచ్చుకునేది. అలా తెచ్చినప్పుడల్లా ఈసారి కొనాలా, మళ్లీ ముంచాలా అన్న ప్రశ్నే. నలభై లెక్కపెట్టి పైకి తీయడం అన్నిసార్లూ సులువనిపించింది. ఇదంతా ఆవిడ నాకు తర్వాత చెప్పింది. విన్నప్పుడు జాలి వేసింది, ఒళ్లు కూడా మండింది.

ఆ మంగళవారం పదకొండు గంటల ప్రాంతంలో అక్క ఎడమచేతిని గుండెకు అదుముకుని గబగబా వచ్చింది. ఇస్త్రీ మిషను మూత జారి వేలి మీద పడింది. ఎముక విరగలేదు కానీ వేలు వాచిపోయింది. ఉంగరం ఆ వాపులో కూరుకుపోయింది.

"దగ్గర్లో నువ్వే ఉన్నావని వచ్చానే. ఎలాగైనా లాగెయ్. కోయకు మాత్రం" అంది అక్క.

కోయొద్దన్న మాట వినగానే మెరుగమ్మ మొహం తేటపడింది. అప్పుడు అది నాకు అర్థం కాలేదు. సబ్బునురగ రాసి తిప్పింది. ఉంగరం వెంట్రుకవాసి కూడా కదల్లేదు. నూనె రాసింది. ఆ తర్వాత గట్టి దారం తెమ్మంటే నేను సంచులు కుట్టే నైలాన్ దారం ఇచ్చాను. దారం కొసను ఉంగరం కిందుగా దూర్చి, పై నుంచి వేలి చుట్టూ బిగించి చుట్టి, కింది కొస పట్టుకుని విప్పుతూ పోతే ఉంగరం దారం మీదుగా జరుగుతుంది. మామూలు వాపైతే జరుగుతుంది. ఇక్కడ కణుపు దగ్గరే ఆగిపోయింది. అక్క కళ్లలోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి, నోట్లోంచి మాత్రం శబ్దం రాలేదు.

"ఇంకొక్కసారి" అంది మెరుగమ్మ.

రెండోసారి చుట్టింది. మూడోసారి. వేలి కొస ఎరుపు పోయి వంకాయ రంగుకు తిరిగింది. నేను గోరు నొక్కి చూశాను. తెల్లబడిన గోరు మళ్లీ రంగు తిరగడం లేదు.

"నీ గూట్లో ఉంగరాలు కోసే రంపం ఉంది కదమ్మా. ఇంకా దారం పట్టుకుని ఆడుకుంటావేంటి?" అన్నాను.

"అక్క కోయొద్దంది" అంది, నా వైపు చూడకుండా.

"అక్క నొప్పిలో ఏదో అంటుంది. నీ బుద్ధి ఏమైంది?"

మెరుగమ్మ నాలుగోసారి దారం చుట్టడం మొదలుపెట్టింది. అప్పటికి ఇరవై నిమిషాలు గడిచాయి. ఇక లాభం లేదని నేనే అక్క మోచెయ్యి పట్టుకుని లేపాను. వీధి చివర చిన్న క్లినిక్కు ఉంది. మెరుగమ్మ తాళం కూడా వేయకుండా మా వెనకే వచ్చింది.

డాక్టరు వేలు చూడగానే చేతిలో కాగితాలు పక్కన పడేశాడు. "ఇంతసేపు ఏం చేస్తున్నారు? ఉంగరం ఏ లోహం?"

"బంగారమండీ. ఇరవై రెండు క్యారెట్లు. నా సొంత సంపాదనతో కొనుక్కున్నాను" అంది అక్క. ఆ నొప్పిలో కూడా ఆ మాట అంటున్నప్పుడు వెన్ను నిటారుగా పెట్టింది.

"అయితే రెండు నిమిషాల పని. మెత్తటి లోహం, ఇట్టే తెగుతుంది. మళ్లీ అతికించుకోవచ్చు, దిగులు పడకండి."

అక్క ఊపిరి వదిలి, చెయ్యి బల్ల మీద పెట్టింది. డాక్టరు ఒక చిన్న పనిముట్టు తీశాడు. దానికి కింద సన్నటి రేకు, పైన పళ్లున్న చిన్న చక్రం, తిప్పడానికి ఒక పిడి. రేకును ఉంగరం కిందికి తోశాడు. అక్క పెదవి కొరుక్కుంది. పిడి తిప్పాడు. చక్రం ఉంగరం మీద ఒక గీత గీసి, జారి పక్కకు పోయింది. మళ్లీ పెట్టాడు. మళ్లీ జారింది.

నేను మెరుగమ్మ వైపు చూశాను. గోడకు అతుక్కుని నిలబడి ఉంది. మొహంలో నెత్తురు చుక్క లేదు. అక్క నొప్పి చూడలేక అలా ఉందనుకున్నాను. ఆ క్షణాన ఆవిడ ఏం దాస్తోందో నాకు తెలిసి ఉంటే, భుజాలు పట్టుకుని ఊపేసేదాన్ని.

"ఏం కలిపి చేశారో దీన్ని" అని గొణిగాడు డాక్టరు. ఇంకా బలంగా నొక్కాడు. రేకు కండలోకి దిగి రక్తం వచ్చింది. అక్క మొదటిసారి మూలిగింది.

"అమ్మా, కాసేపు ఓర్చుకోండి."

"ఓర్చుకుంటానండీ. బంగారం ఇంత మొండిదని తెలియదు" అంది అక్క. నవ్వడానికి ప్రయత్నించింది కూడా.

చక్రం పళ్లు అరిగిపోయాయి. నర్సు ఇంకోటి తెచ్చి ఇచ్చింది. నాలుగు నిమిషాలు, ఐదు నిమిషాలు. గోడ మీద గడియారం నా నెత్తి మీదే నడుస్తున్నట్టుంది. వేలి కొస నల్లబడుతోంది. డాక్టరు చివరికి పిడి వదిలేసి చెమట తుడుచుకున్నాడు.

"నా వల్ల కావడం లేదు. పెద్దాసుపత్రికి రాసిస్తాను. గంట ప్రయాణం. అక్కడికి వెళ్లేసరికి వేలు ఉంటుందో లేదో నేను చెప్పలేను."

"అది బంగారం కాదండీ" అంది మెరుగమ్మ.

గోడ వదిలి బల్ల దగ్గరికి వచ్చింది.

"స్టీలు. పైన ఉన్నది పూత. పూత వేసింది నేనే."

డాక్టరు ఆవిడ వైపు ఒక్క చూపు చూశాడు. "ఈ మాట లోపలికి అడుగుపెట్టగానే చెప్పాలమ్మా" అన్నాడు. తిట్టడానికి కూడా టైము లేదు. బంగారం త్వరగా వేడెక్కి వేలు కాలుతుందని అంతవరకూ ముట్టుకోని కరెంటు మిషనును, సెలైన్ సీసాను నర్సు పరుగున వెళ్లి తెచ్చింది. స్టీలు వంగదు కాబట్టి రెండు వైపులా కోయాలి. కోసేటప్పుడు కాలిపోకుండా నీళ్లు పోస్తూ ఉండాలి. రేకు పెట్టారు, నీళ్లు పోశారు, మిషను అరిచింది. నేను అక్క కుడిచెయ్యి పట్టుకున్నాను. అక్క నా వైపు చూడలేదు, చెల్లెలి వైపు చూడలేదు. కిటికీ చువ్వల్ని చూస్తూ ఉండిపోయింది. ఉంగరం రెండు ముక్కలై ట్రేలో పడింది.

వేలు ఉంది. రంగు మెల్లమెల్లగా తిరిగింది. కొసకు స్పర్శ ఎప్పుడు తిరిగొస్తుందో, అసలు వస్తుందో రాదో ఇప్పుడే చెప్పలేనన్నాడు డాక్టరు. కట్టు కట్టాక అక్క ట్రేలోంచి ఒక ముక్క తీసి, తెగిన చోట చూసింది. పైన పచ్చగా గోరంత కూడా మందం లేని పొర, లోపలంతా బూడిద రంగు.

"ఎప్పటి నుంచి?"

"నువ్వు బిగించమని ఇచ్చినప్పటి నుంచి" అంది మెరుగమ్మ. కప్పు సంగతి, ఆసిడ్ సంగతి అంతా చెప్పింది. ఏడుస్తూ చెప్పింది.

అక్క మొత్తం విన్నది. "ఆసిడ్‌లో పోయిందంటే పోయింది. ఆ రోజు చెప్పి ఉంటే నాలుగు తిట్టి ఊరుకునేదాన్నేమో. పదకొండేళ్లు చెప్పలేదా, భయపడ్డావనుకుంటాను. కానీ చిట్టీ, ఆయన నా వేలి మీద చక్రం పెట్టి తిప్పుతుంటే ఎదురుగా నిలబడి చూశావే. అప్పుడు కూడా నోరు తెరవలేదే" అంది.

ఉంగరం ముక్కను ట్రేలో పడేసి, నా భుజం పట్టుకుని లేచింది.

మూడు వారాలు ఆ అక్క చెల్లెలి గడప తొక్కలేదు. మెరుగమ్మ కొత్త తొట్టి కోసం దాచుకున్నదంతా తీసి, చాలనిదానికి తన చెవి కమ్మలు కూడా ఇచ్చేసి, ఇరవై రెండు క్యారెట్ల ఉంగరం కొన్నది. ఒక్కతే వెళ్లలేక నన్ను తోడు తీసుకెళ్లింది. లాండ్రీ గేటు దగ్గర మధ్యాహ్నం విరామంలో అక్కను పట్టుకున్నాం. మెరుగమ్మ ఏమీ చెప్పకుండా డబ్బా తెరిచి అందించింది. అక్క ఉంగరాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"పద" అంది.

ఎదురు వరసలో బంగారం పరీక్ష చేసే దుకాణానికి నడిచింది. అక్కడి ముసలాయన మెరుగమ్మను చూడగానే నవ్వాడు. "నువ్వు తెచ్చిందా? అయితే పరీక్షెందుకమ్మా. పూతని పూత అని మొహం మీదే చెప్పే మనిషివి నువ్వు."

"చూడండి" అంది అక్క.

ఆయన ఒకసారి ఇద్దరి మొహాలూ చూసి, నవ్వు ఆపేసి, ఉంగరాన్ని గీటురాయి మీద రుద్దాడు. పచ్చటి గీత పడింది. నకిలీదైతే గీతను తినేసే ఆసిడ్ చుక్క దాని మీద వేశాడు. మేమందరం ఆ నల్లరాయి మీదికి వంగి చూశాం. అసలుదని నాకు తెలుసు, బిల్లు నా కళ్లతో చూశాను. అయినా ఆ గీత మీంచి కళ్లు తిప్పుకోలేకపోయాను. గీత చెక్కుచెదరలేదు.

అక్క ఉంగరాన్ని కుడిచేతి వేలికి పెట్టుకుంది. పరీక్షకయ్యింది తనే ఇచ్చింది, చెల్లెల్ని ఇవ్వనివ్వలేదు. బయటికి వచ్చాక మెరుగమ్మ వెనక నుంచి మెల్లగా అడిగింది.

"నమ్మకం కుదిరిందా అక్కా?"

"ఉంగరం మీద కుదిరింది" అంది అక్క, లాండ్రీ వైపు నడుస్తూ.