ఆవిరి బాబాయి ఉతికిన స్వెట్టర్

మా బాబాయిని చుట్టాలందరూ ఆవిరి బాబాయి అంటారు. ఆసుపత్రి లాండ్రీలో ఆయన పని. దుప్పట్లు, దిండు గలేబులు, ఆపరేషన్ గదిలో వేసుకునే ఆకుపచ్చ గౌన్లు, ఏది చేతికొచ్చినా మరిగే నీళ్ళలో వేసి తిప్పడమే. క్రిమి అన్నది బతికి బయటపడకూడదని ఆయన పట్టుదల. ఆ పట్టుదలని చుట్టాల ఇళ్ళకి కూడా మోసుకొచ్చేవాడు. మా ఇంట్లో భోజనానికి కూర్చుంటే మంచినీళ్ళ గ్లాసుని వెలుతురుకి ఎత్తి చూసేవాడు. మా అమ్మకి ఒళ్ళు మండిపోయేది.

పిన్ని, అంటే అమ్మ చెల్లెలు, ఇంకో తరహా మనిషి. ఆమెకి ఊలు అల్లడమంటే ప్రాణం. పెళ్ళయిన కొత్తలో బాబాయికి ఒక బూడిదరంగు స్వెట్టర్ అల్లింది. దాన్ని ఉతికే పని మాత్రం ఆయనకి ఇచ్చేది కాదు. చన్నీళ్ళలో తలకి రాసుకునే షాంపూ కాస్త కలిపి, అందులో ముంచి, రుద్దకుండా మెల్లగా నొక్కేది. పిండకుండా తువ్వాలులో చుట్టి తడి లాగేసి, చాప మీద పరిచి నీడలో ఆరబెట్టేది. దండెం మీద వేస్తే చేతులు మోకాళ్ళ దాకా సాగుతాయనేది. పసిబిడ్డకి కూడా ఇంతసేపు స్నానం చేయించరని బాబాయి ఎగతాళి చేసేవాడు.

కొన్నాళ్ళకి బాబాయికి పొట్ట పెరిగి స్వెట్టర్ పట్టకుండా పోయింది. పిన్నికేమో చూపు తగ్గడం మొదలైంది. ఇక తగ్గడమే గానీ బాగుపడటం ఉండదని కంటి డాక్టర్ చెప్పేశాడు. ఆమె ఏడవలేదు. ఆ స్వెట్టర్ విప్పి, అదే ఊలుతో చేతుల్లేకుండా, వెడల్పుగా, ఆయనకి పట్టేలా ఇంకోటి అల్లుతానంది. ఆ ఊలైతే వేళ్ళకి అలవాటు, కళ్ళతో అట్టే పని ఉండదంది. కాస్తో కూస్తో కనిపిస్తున్నప్పుడే ఇదొక్కటీ పూర్తి చెయ్యాలని ఆమె ఆశ.

విప్పే ముందు ఉతకాలి. తొట్టి దగ్గర వంగితే కళ్ళు తిరుగుతున్నాయని ఆ పని బాబాయికి అప్పగించి, ఎలా ఉతకాలో మొదటి నుంచీ చెప్పింది. ఆయన ఈ చెవితో విని ఆ చెవితో వదిలేశాడు. జీవితమంతా ఉతికినవాడికి ఉతకడం నేర్పడమేమిటని ఆయన ఉద్దేశం. ఆమె అటు పక్కింటికి వెళ్ళగానే పెద్ద గిన్నెలో నీళ్ళు మరిగించి, సబ్బుపొడి వేసి, స్వెట్టర్ని అందులో పడేసి కర్రతో తిప్పాడు. పాపం, బాగా శుభ్రం చెయ్యాలనే.

బయటికి తీసేసరికి అది చంటిపిల్లకి సరిపోయేంత అయింది. కంబళి ముక్కలా గట్టిపడి, అల్లిక ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో తెలియకుండా కరుచుకుపోయింది. సూదితో ఒక పోగు పైకి లాగితే తెగింది. ఇంకోటి లాగితే అదీ తెగింది.

దాన్ని సంచిలో పెట్టుకుని మా ఇంటికొచ్చాడు. వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పెయ్యమన్నాను. మహా అయితే తిడుతుంది, అంతేగా అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"తిడితే పడతానే. తిట్టదు. పోనీలెండి అంటుంది. ఆ మాట నేను వినలేను."

నాకు జాలీ వేసింది, ఒళ్ళుమంటా పుట్టింది. ఎంతసేపూ తన బాధ తప్పించుకోవాలనే చూస్తున్నాడు గానీ ఆమె సంగతి ఆలోచించడం లేదనిపించింది. మర్నాడు కొట్లన్నీ తిరిగి అదే బూడిదరంగు ఊలు కొన్నాడు. ఉండలు చుట్టి, నీకెందుకు శ్రమ, నేనే విప్పేశానని చెప్పి పిన్ని ఒళ్ళో పెట్టాడు. ఆమె ఒక ఉండని వేళ్ళ మధ్య కాసేపు తిప్పింది. సరేనని సూదులు అందుకుంది.

ఆ తర్వాత ఆయన పడ్డ అవస్థ పగవాడికి కూడా వద్దు. ఆమె అల్లుతున్నంతసేపూ ఇంట్లో నిలవలేక వీధి చివరిదాకా నడిచొచ్చేవాడు. అన్నం సహించేది కాదు. పొట్ట తగ్గిపోతే నా కొలతలు ఏం కావాలని పిన్ని వేళాకోళం చేస్తే ముఖం తిప్పుకునేవాడు. కొత్త ఊలు ఆమె వేళ్ళకి లొంగలేదు. అల్లిన వరసలే విప్పి మళ్ళీ మళ్ళీ అల్లేది. అయినా పూర్తి చేసింది.

తొడుక్కుని చూడమన్న రోజు నేనక్కడే ఉన్నాను. ఆమె భుజాలు సర్ది, అంచు కిందికి లాగి, సరిగ్గా పట్టిందని తడిమి చూసుకుంది. బాబాయి ఇక ఆగలేకపోయాడు. లోపలికెళ్ళి సంచి తెచ్చి ఆమె చేతిలో పెట్టి, ఏడుస్తూ జరిగిందంతా చెప్పాడు. పిన్ని ఆ గట్టి ముక్కలోకి చెయ్యి దూర్చబోయింది. మణికట్టు దాటలేదు.

"విప్పిన ఊలు వంకర్లు తిరిగి ఉంటుందండీ. మీరిచ్చింది తిన్నగా ఉంది. ఆ రోజే తెలిసింది. మీరే చెప్తారని ఊరుకున్నాను," అంది. ఆ ముక్కని తిరిగి సంచిలో పెడుతూ అంది: "స్వెట్టర్ పోతే పోయింది. నాకు కనబడదు కదా అని ఇచ్చారు చూడండి, అదీ నా బాధ."



వాళ్ళు మాటలేం మానుకోలేదు. చలికాలమంతా ఆయన ఆ స్వెట్టరే వేసుకున్నాడు, చన్నీళ్ళలోనే ఉతుక్కున్నాడు. ఇప్పుడు పిన్నికి చూపు పూర్తిగా పోయింది. ఇదివరకు ఆయన మాత్ర చేతిలో పెడితే పెట్టినట్టే నోట్లో వేసుకునేది. ఇప్పుడు ముందు వేలితో తడుముతుంది, ఏ మాత్రో చూసుకుంటుంది. కావాలని కాదు, అలా చేస్తున్నట్టు ఆమెకి తెలియదేమో కూడా. తడమడం అయ్యేదాకా బాబాయి నీళ్ళ గ్లాసు పట్టుకుని నిలబడతాడు.